ఐదో గడి

నవంబరు మొదట్లో వెళ్ళిపోయిన సూర్యుడు
ఫిబ్రవరి దాకా ఉమ్మన్నాక్ మొహం చూడడు.
ఈ చీకటికి తట్టుకోవడానికి
ఒకరు ఊలు అల్లుతారు, ఒకరు తాగుతారు,
నేను గళ్ళు గీస్తాను.

పాత పత్రిక ముందేసుకుని మాలింగుయాక్ చదువుతోంది:
ఐదు ఇళ్ళు, ఐదు రంగులు, ఐదుగురు మనుషులు,
ఒకడు పాలు తాగుతాడు, ఒకడు నక్కను పెంచుతాడు.
చివర్న ప్రశ్న: చారల గుర్రం ఎవరిది?

"పెద్దమ్మా, పైన ఎక్కడా దాని ఊసే లేదు!"
పన్నెండేళ్ళ పిల్లకి అచ్చుతప్పేమోనని అనుమానం.
"అందుకే వెతకమన్నారు.
చెప్పినవాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టు,
చేపలో ముల్లు తీసినట్టు, తొందర పడకుండా.
ఎవరూ చెప్పనిది పళ్ళెంలో మిగులుతుంది."

పిల్ల పెన్సిలు నాకి ఇంటూలు కొడుతోంది.
నార్వేవాడు కాదు.
ఎర్ర ఇల్లు కాదు.
కాదన్న ప్రతిసారీ
దాని కళ్ళు ఇంకాస్త వెలుగుతున్నాయి.

నా కాగితం మీద లెక్క వేరు.
అక్టోబరు నుంచి ప్రతి గురువారం తెల్లారేసరికి,
తెల్లారడమంటూ ఉంటే,
నా గుమ్మంలో ఒక హాలిబట్.
పేగులు తీసి, కడిగి, గోనెలో చుట్టి.
చీటీ లేదు. అడుగుల జాడల్ని గాలి ఊడ్చేస్తోంది.

కిటికీలోంచి కనిపించే ఇళ్ళకి నిలువు గీతలు గీశాను.
ఎర్రది సోఫస్‌ది. కుక్కల్ని వేసవిలోనే అమ్మేశాడు,
స్లెడ్జి లేనివాడు గడ్డకట్టిన సముద్రం మీదికి ఎలా పోతాడు? కాదు.
నీలం ఇంట్లో కొర్నేలియా. మా మెట్లు ఎక్కిందంటే
ఆ మోకాళ్ళ మూలుగు రేవుదాకా వినిపిస్తుంది. కాదు.
పసుపు ఇంటి టీచర్లు డెన్మార్కు నుంచి వచ్చారు,
చేపంటే వాళ్ళకి అట్టపెట్టెలో పుట్టేది.
ఆకుపచ్చ ఇంటి ఊయూత్
గుండుసూది ఇచ్చినా చర్చి గంట కొట్టి చెప్పే రకం.
ముమ్మాటికీ కాదు.

నాలుగు గీతలు, నాలుగు ఇంటూలు.
చేప మాత్రం వంటింట్లో ఉంది.

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో తూకం రాసినదాన్ని.
లెక్క కుదరకపోతే
తప్పు కాటాది కాదు, రాసిన చేతిది.
ఇంకో ఇల్లుంది.
దానికి నేను గీతే గీయలేదు.

తారు పూసిన నల్ల ఇల్లు. ఎనోక్.
పదకొండేళ్ళ కిందట అతని పెట్టె అడుగున,
చేపల కింద దాచిన మంచుగడ్డలు బయటపడ్డాయి.
"మంచు, ఏడు కిలోలు" అని పుస్తకంలో రాశాను.
రాసి ఊరుకోలేదు, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా చదివాను.
ఆ చలికాలమంతా ఫ్యాక్టరీ అతని దగ్గర కొనలేదు.
తిండి పెట్టలేని కుక్కల్ని
ఇంటి వెనక తనే కాల్చేశాడు.
ఐదు చప్పుళ్ళ దాకా లెక్కపెట్టి
చెవులు మూసుకున్నాను.
ఆ తర్వాత మా మధ్య మాట లేదు,
అతని పేరు కూడా ఈ ఇంట్లో పలకలేదు.

లేచి వెళ్ళి గోనె మళ్ళీ విప్పాను.
మంచు పలుకు ఒక్కటీ లేదు.
మొప్పల్లో లేదు, పొట్ట మడతలో లేదు,
ఎవరో గుడ్డ పెట్టి
వేలు పట్టిన చోటల్లా ఒత్తి తుడిచారు.
అలవాటు చావక కాటా మీద పెట్టాను.
నాలుగు కిలోల రెండు వందలు.
అంతా చేపే.

"దొరికింది, జపానువాడిది!"
పిల్ల కుర్చీ మీదికెక్కి గెంతుతోంది.
"నీది తేలిందా పెద్దమ్మా?"
నా కాగితం లాక్కుని చూసింది.
"ఐదో గీత గీశావు, గడి ఖాళీగా వదిలేశావేం?"
పెన్సిలు మొద్దుబారిందన్నాను.
చెక్కి ఇచ్చింది.
దాన్ని చెవి వెనక పెట్టుకుని టీ కాచాను.

బుధవారం రాత్రి, పిల్ల నిద్రపోయాక,
గుమ్మం దీపం ఆర్పేశాను.
పార తీసుకుని
మెట్ల మీది మంచంతా గీకేసి
ఇసుక చల్లాను,
కింది మెట్టు మీద ఇంకో గుప్పెడు ఎక్కువ.